కిస్‌మిస్ దగ్గర ఆగిపోయిన పాఠం

మా బాబుకి పద్నాలుగు నెలలప్పుడు ఒక రాత్రి మోషన్స్ పట్టుకున్నాయి. సాయంత్రం మొదలై, రాత్రి పన్నెండయ్యేసరికి ఏడెనిమిదిసార్లు అయ్యాయి. మధ్యలో రెండు వాంతులు. మా ఆయన ఊళ్లో లేరు. ఇంట్లో అత్తయ్యగారు, నేను. అలమరలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉంది. లీటరు నీళ్లలో కలపాల్సిన పెద్ద ప్యాకెట్. ఇంత చిన్న పిల్లాడు లీటరు నీళ్లు ఎక్కడ తాగుతాడని, ఒక స్టీలు గ్లాసులో నీళ్లు పోసి ప్యాకెట్ మొత్తం అందులోనే వేసి కలిపేశాను. చిక్కగా ఉంటే తొందరగా గుణం కనిపిస్తుందని నా ఆలోచన. మందే కదా, కాస్త ఘాటుగా పడితే మంచిదే అనుకున్నాను.

అప్పటికి నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి ఆరేళ్లు. కణత్వచం గుండా పదార్థాలు ఎలా వెళ్తాయి, ఎలా వస్తాయి అనే పాఠం ఏటా తొమ్మిదో తరగతికి చెబుతున్నాను. విసరణ, ద్రవాభిసరణ, అల్పగాఢత, అతిగాఢత అన్న మాటలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయినా ఆ గ్లాసు చేతిలో పట్టుకున్నప్పుడు ఆ పాఠంలోని ఒక్క ముక్క కూడా నాకు గుర్తుకు రాలేదు.

చెంచాతో పట్టినకొద్దీ వాడు కక్కాడు. కక్కనిది విరేచనంలో పోయింది. తెల్లవారుజామున చూస్తే కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గాని కన్నీళ్లు రావడం లేదు. అత్తయ్యగారు పక్కింటి అబ్బాయిని పంపి ఆశా వర్కర్‌ని పిలిపించారు. ఆవిడ వస్తూనే పిల్లాడి పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకుని వదిలి చూసింది. తర్వాత గ్లాసు కేసి చూసి, అందులో చిటికెన వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఎన్ని నీళ్లలో కలిపారు టీచరమ్మా?"

చెప్పాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. గ్లాసులోది పారబోసి, కూల్‌డ్రింకు ఖాళీ సీసా, లీటరుది, కడిగించి, కాచి చల్లార్చిన నీళ్లు నిండా పోయించి, తన సంచిలోని కొత్త ప్యాకెట్ అందులో వేసి ఊపింది. "కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉండకూడదమ్మా, అదొక్కటి గుర్తుపెట్టుకో" అంది. నిమిషానికో చెంచా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టాలి. మత్తుగా పడిపోయినా, తాగలేకపోయినా, ఒక్క క్షణం ఆలోచించకుండా ఆసుపత్రికి బయలుదేరాలి. అందుకని ఆటో అబ్బాయిని గుమ్మం దగ్గరే ఉండమని చెప్పింది. పదింటికి వాడు ఒంటికి పోశాడు. నా చీర తడిసింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను.

ఇది జరిగి తొమ్మిదేళ్లయింది. నా బాధంతా ఆ రాత్రి గురించి కాదు, ఆ పాఠం గురించి. పాఠం చెప్పే నాకే అది అవసరమైనప్పుడు అందలేదంటే, నా దగ్గర నేర్చుకుని వెళ్లిన పిల్లలకి ఎలా అందుతుంది? మనం ఆ పాఠాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడే మొదలుపెడుతున్నాం. కాని ఆపకూడని చోట ఆపేస్తున్నాం.

ఎక్కడ ఆపుతున్నామో చెప్తాను. ఎండు కిస్‌మిస్‌లు నీళ్లలో వేస్తాం, ఉబ్బుతాయి. ఉబ్బినవాటిని చిక్కటి పంచదార నీళ్లలో వేస్తాం, మళ్లీ ముడుచుకుంటాయి. నీరు పలచగా ఉన్న వైపు నుంచి చిక్కగా ఉన్న వైపుకి, అడ్డంగా ఉన్న పొరలోంచి వెళ్తుంది. పేరు ద్రవాభిసరణ. బొమ్మ గీస్తాం, నాలుగు మార్కులు. నిజానికి ఈ సంగతి మన ఇళ్లలో ఎవరికీ కొత్త కాదు. మాగాయ పెట్టేటప్పుడు ముక్కల్లో ఉప్పు వేసి జాడీలో ఉంచితే మూడో రోజుకి ఊట దిగుతుంది. ఆ ఊట మనం పోసిన నీరు కాదు. ముక్కలోని కణాల్లోంచి ఉప్పు లాగిన నీరు. ముక్కలు పిండి ఎండబెట్టి, ఊట విడిగా ఎండలో పెట్టే ప్రతి ఇల్లాలూ ద్రవాభిసరణని చేత్తో ముట్టుకున్నట్టే.

ఆ రాత్రి నా కొడుకు పేగుకి నేను చేసింది అదే. లెక్క చాలా సులువు. నీళ్లలో ఎంత సరుకు కరిగి ఉందో చెప్పే కొలత మిల్లీఆస్మోల్. లీటరు నీళ్లలో సరిగ్గా కలిపిన ఓఆర్‌ఎస్ గాఢత 245 మిల్లీఆస్మోల్స్. మన రక్తం గాఢత 290 దరిదాపుల్లో ఉంటుంది. అంటే సరిగ్గా కలిపిన నీళ్లు రక్తం కన్నా కాస్త పలచన. నేను 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపాను, ఐదు రెట్లు చిక్కన. 1,200 దాటింది. అంత చిక్కటి నీళ్లు పేగులో పడితే, పేగు గోడ కణాల్లోంచీ వాటి వెనకున్న రక్తంలోంచీ నీరు పేగులోకి దిగుతుంది. ఊట దిగినట్టే. ఒంట్లోకి నీరు ఎక్కిద్దామనుకుని ఒంట్లో ఉన్న నీటిని బయటికి లాగాను.

సరే, ఇక్కడి దాకా కిస్‌మిస్ పాఠం సరిపోతుంది. కాని దీంతో ఇంకో ప్రశ్న పుడుతుంది, మన పుస్తకాలు దాన్ని అడగవు. నీరే కదా కావాల్సింది, ఉత్త మంచినీళ్లు పట్టొచ్చుగా? అవి రక్తం కన్నా ఎంతో పలచన. ద్రవాభిసరణ ఒక్కటే నిజమైతే అవే అన్నిటికన్నా బాగా ఎక్కాలి. మరి ఉప్పెందుకు, గ్లూకోజ్ ఎందుకు? ఉప్పు వేయాల్సి వస్తే ఉప్పొక్కటే ఎందుకు సరిపోదు? గ్లూకోజ్ నీరసానికి కదా, నీళ్లతో దానికేం పని? ఈ చివరి ప్రశ్న మా స్టాఫ్ రూమ్‌లో అడిగి చూశాను. "బలానికి" అన్నారు అందరూ. నేనూ అదే అనుకునేదాన్ని. గ్లూకోజ్ అందులో ఉన్నది ప్రధానంగా బలం కోసం కాదు.

కణం చుట్టూ ఉన్న పొర కొవ్వుతో చేసిన రెండు వరసల గోడ. మందం 5 నుంచి 8 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో లక్ష వంతు కూడా ఉండదు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ లాంటివి దాన్ని లెక్కచేయకుండా దూరి వెళ్లిపోతాయి. ఉప్పులోని సోడియం మాత్రం వెళ్లలేదు. విద్యుదావేశం ఉన్నదేదీ ఆ కొవ్వులో ఇమడదు. గ్లూకోజ్ పెద్దది, నీటిని అంటిపెట్టుకుని ఉండేది, అదీ వెళ్లలేదు. చివరికి నీరు కూడా ఆ గోడలోంచి నిదానంగానే వెళ్తుంది. ఎర్ర రక్తకణాల్లో, మూత్రపిండాల్లో దానికి ప్రత్యేకమైన సన్నటి దారులున్నాయని 1992లో పీటర్ ఆగ్రే బృందం చూపించింది. ఒక్కో దారిలోంచి సెకనుకి 300 కోట్ల దాకా నీటి అణువులు వరసకట్టి వెళ్తాయి. 2003లో ఆయనకి నోబెల్ వచ్చింది. గోడ అంటే గోడ కాదు, ఎన్నో రకాల తలుపులున్న గోడ. ఒక్కో తలుపుకి ఒక్కో నియమం.

మన చిన్నపేగు గోడలో ఒక తలుపు ఉంది. దాని పేరు ఎస్‌జీఎల్‌టీ1. ఆ పేరు మర్చిపోయినా ఫర్వాలేదు, నియమం గుర్తుంటే చాలు. సోడియం ఒక్కటే వస్తే అది తెరుచుకోదు. గ్లూకోజ్ ఒక్కటే వచ్చినా తెరుచుకోదు. సత్యనారాయణ వ్రతంలో పీటల మీద దంపతులిద్దరూ కూర్చుంటేనే పంతులుగారు సంకల్పం చెప్తారు చూడండి, అలాగన్నమాట. రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు కలిసి కూర్చుంటేనే ఆ తలుపు బయటివైపు మూసుకుని లోపలివైపు తెరుచుకుంటుంది. అవి లోపలికి దిగుతాయి. మళ్లీ మొదటికి తిరుగుతుంది. అలా లోపలికి చేరిన సోడియం, గ్లూకోజ్ కణం అవతలి వైపుకి, రక్తం ఉన్న వైపుకి చేరేసరికి అక్కడ గాఢత పెరుగుతుంది. అప్పుడు మన పాత స్నేహితురాలు ద్రవాభిసరణ పనిలోకి దిగుతుంది. నీరు వాటి వెంటే వెళ్తుంది. అంటే నీటిని మనం నేరుగా లోపలికి తోయలేం. నీరు ఎవరి వెంట నడుస్తుందో వాళ్లని పంపాలి. వాళ్లు జంటగా వెళ్తేనే తలుపు తీస్తారు. అందుకే ఉప్పు, అందుకే గ్లూకోజ్. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్న పాళ్లలో లీటరుకి సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజ్ కూడా 75. ఈ రెండు అంకెలూ ఒకటే కావడం కాకతాళీయం కాదు.

ఇంకా ఒక్క మెట్టు దిగాలి, ఎందుకంటే నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇక్కడే ఉంది. సోడియం అసలు లోపలికి ఎందుకు పోవాలనుకుంటుంది? కణం బయట సోడియం 140 పాళ్లుంటే లోపల 15 కూడా ఉండదు. పల్లానికి నీరు పోయినట్టు లోపలికి పోతుంది, పోతూ పోతూ గ్లూకోజ్‌ని వెంట లాక్కుపోతుంది. మరి ఇంత సోడియం లోపలికి పోతుంటే లోపల నిండిపోదా? నిండదు. కణం అవతలి గోడలో ఒక పంపు రాత్రీ పగలూ నడుస్తూ ఉంటుంది. ఒక్కో తిప్పుకి మూడు సోడియంలని బయటికి తోడి, రెండు పొటాషియంలని లోపలికి తెస్తుంది. డెల్టాలో పల్లపు చేలకి మోటారు పెట్టి నీళ్లు తోడేస్తుంటారు చూడండి. తోడుతున్నంత సేపే చేను కాలవ కన్నా పల్లంగా ఉంటుంది. మోటారు ఆగిందా, చేను మునిగినట్టే. 1957లో డెన్మార్క్‌లో జెన్స్ స్కౌ అనే ఆయన పీతల నరాల మీద పని చేస్తూ ఈ పంపు ఎంజైమును పట్టుకున్నాడు. నలభై ఏళ్లకి, 1997లో, నోబెల్ ఇచ్చారు. మనం కదలకుండా పడుకున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఈ పంపులకే పోతుంది. నిద్రలో కూడా మనం చేస్తున్న పెద్ద పని ఉప్పు తోడడమే.

ఆ మోటారుకి కరెంటు ఏటీపీ, అంటే కణాల్లో శక్తిని అందించే పదార్థం. ఈ మాట బోర్డు మీద రాసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఎందుకంటే 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఏటీపీని వేరుచేసిన మనిషి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది పేగు పీల్చుకోలేకపోవడమే ఆ జబ్బు. పేగు తలుపులు పని చేయక ఇంట్లో మనుషుల్ని పోగొట్టుకున్న ఆయనే, ఆ తలుపుల వెనక మోటారుకి కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో తేల్చిన వాళ్లలో ఒకరయ్యారు. తర్వాత లెడర్లే అనే అమెరికా మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం స్ప్రూ రోగులకి మందైంది. మా జిల్లా పిల్లలకి ఆయన పేరు క్విజ్ పోటీల్లో జవాబుగా తెలుసు. ఆయన పని తమ పొట్టలో ఎక్కడ జరుగుతోందో చెప్పినవాళ్లు లేరు.

ఇప్పుడు కలరాకి వద్దాం. రోజూ మన పేగులోకి తొమ్మిది లీటర్ల దాకా ద్రవం దిగుతుంది. తాగింది రెండు లీటర్లైతే, మిగతాది లాలాజలం, జఠరరసం, పైత్యరసం లాంటి ఒంటి సరుకే. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకి చేరిపోతుంది. బయటికి పోయేది 100, 200 మిల్లీలీటర్లు. ఈ రాకపోకల్లో తేడా వస్తే విరేచనం. కలరా క్రిమి ఒక విషాన్ని వదులుతుంది. కలకత్తాలో శంభునాథ్ డే అనే శాస్త్రవేత్త 1959లో ఆ విషాన్ని చూపించాడు. ఆ విషం పేగు కణంలోకి దూరి, క్లోరైడ్ బయటికి పోయే తలుపుని మూయకుండా తెరిచి పెట్టేస్తుంది. క్లోరైడ్ పోతుంది, దాని వెంట సోడియం, వాటి వెంట నీరు. గంటకి లీటరు దాకా పోగొట్టుకునే రోగులున్నారు. ఇంత విధ్వంసం జరుగుతున్నా ఆ విషం మన జంట తలుపు జోలికి పోదు. అది చక్కగా పని చేస్తూనే ఉంటుంది. ఒకవైపు ఆనకట్ట తెగి నీరు పోతున్నా, ఇంకోవైపు కాలవ తూము బాగానే ఉంది. అటునుంచి నింపుకోవచ్చు. ఓఆర్‌ఎస్ అంటే ఇంతే.

సోడియం, గ్లూకోజ్ కలిసే వెళ్తాయని రాబర్ట్ క్రేన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1960 ఆగస్టులో ప్రాగ్‌లో జరిగిన ఒక సమావేశంలో బొమ్మ గీసి చెప్పాడు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ కలరా రోగులకి ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు నోటి ద్వారా ఇచ్చి, సెలైన్ అవసరం బాగా తగ్గిపోతుందని నిరూపించారు. అయినా డాక్టర్లు నమ్మలేదు. ఆసుపత్రిలో, నిపుణుల కళ్లముందు పని చేసినంత మాత్రాన ఊళ్లల్లో పని చేస్తుందా అని సందేహం.

ఆ సందేహాన్ని తీర్చింది 1971. బంగ్లాదేశ్ యుద్ధంలో లక్షల మంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కి వచ్చారు. శిబిరాల్లో కలరా చెలరేగింది. బొంగావ్ ఆసుపత్రిలో రెండు గదులు, నేల నిండా రోగులు. సూది గుచ్చాలంటే వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్లూని కూర్చోవాల్సిన పరిస్థితి. సెలైన్ సీసాలు అయిపోవస్తున్నాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఒక నిర్ణయం తీసుకున్నారు. లీటరుకి 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల తినే సోడా. కలకత్తాలో ప్లాస్టిక్ సంచుల్లో తూచి నింపారు, శిబిరంలో డ్రముల్లో కలిపారు. తాగించింది నర్సులు కూడా కాదు, రోగుల పక్కనున్న తల్లులు, అన్నలు, కూతుళ్లు. 30 శాతం దాకా ఉన్న మరణాలు వాళ్ల దగ్గర 3.6 శాతానికి పడిపోయాయి. 1978లో లాన్సెట్ అనే వైద్య పత్రిక, పేగులో సోడియం, గ్లూకోజ్ జంటగా కదులుతాయన్న ఆ ఆవిష్కరణే ఈ శతాబ్దంలో అన్నిటికన్నా ముఖ్యమైన వైద్య ప్రగతి కావచ్చని రాసింది. ఒక మందుని కాదు, కణం తలుపు నియమాన్ని పొగిడింది. మహలనబిస్ 2022లో పోయారు. పద్మవిభూషణ్ ఆ తర్వాత ఏడాది ప్రకటించారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మహలనబిస్ గెలిచింది మందుతో కాదు, కొలతని ఇంటి మనుషుల చేతిలో పెట్టడంతో. ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్ల పాటు ఇల్లిల్లూ తిరిగి కోటి ఇరవై లక్షల ఇళ్లలో తల్లులకి నేర్పింది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర లీటరు నీళ్లు. నేర్పిన అమ్మాయిల జీతం, ఆ తల్లులకి తర్వాత ఎంత గుర్తుందన్నదాన్ని బట్టి ఉండేది. మా టీచర్లందరికీ ఈ సంగతి తెలియాలని నా కోరిక. పాఠం చెప్పామా అన్నది కాదు, అవతలి మనిషి చేతికి అందిందా అన్నది లెక్క.

మన దగ్గర ఏం జరిగింది? ప్యాకెట్ వచ్చింది, పాఠం రాలేదు. మా ఊళ్లో నీరసం అన్నా, మోషన్స్ అన్నా మొదటి మాట "ఒక సెలైన్ పెట్టించుకో" అనే. "గ్లూకోజ్ ఎక్కించారు, లేచి కూర్చున్నాడు" అని గొప్పగా చెప్పుకుంటాం. నోట్లో పోసే ప్యాకెట్ పేదవాడి మందు, చేతికి గుచ్చేది అసలు మందు అనే అభిప్రాయం ఎంత బలంగా ఉందంటే, సెలైన్ పెట్టకపోతే ఆ డాక్టరుకి చేతకాదని వేరే చోటికి పోయేవాళ్లు నాకు తెలుసు. సెలైన్ అవసరం లేదని నేను అనడం లేదు. ఒంట్లో నీరు బాగా పోయి మత్తులోకి జారినవాళ్లకి, అసలు తాగలేనివాళ్లకి, నాడి అందనివాళ్లకి అది ప్రాణం పోస్తుంది. అలాంటప్పుడు ప్యాకెట్ కలుపుకుంటూ కూర్చోవడం ప్రమాదం. కాని లేచి కూర్చుని తాగగలిగినవాడికి సూది ఎందుకు? అతని పేగులో కోట్ల తలుపులు జంట కోసం ఎదురుచూస్తుంటే, వాటిని వదిలేసి నరంలో రంధ్రం చేసుకుంటున్నాం.

ఒక అభ్యంతరానికి మాత్రం నేను తల వంచుతాను. "ఓఆర్‌ఎస్ తాగించాను, అయినా మోషన్స్ ఆగలేదు" అని తల్లులంటారు. నిజమే, అది విరేచనాలని ఆపదు. తెగిన ఆనకట్టని అది కట్టదు, తూము నుంచి నింపుతుందంతే. పోయింది పోతూనే ఉంటుంది, మనిషి మాత్రం నిలుస్తాడు, రెండు మూడు రోజులకి పేగు తనంతట తాను కుదుటపడుతుంది. పిల్లలకి దాంతోపాటు జింక్ మాత్రలు కూడా 10 నుంచి 14 రోజులు ఇవ్వమంటారు, వాటివల్ల విరేచనాల కాలం తగ్గుతుంది. ఈ తేడా చెప్పకుండా ప్యాకెట్ చేతిలో పెడితే, ఆ తల్లి మధ్యాహ్నానికల్లా దాన్ని పక్కన పడేస్తుంది. ఆమెదా తప్పు?

తలుపు సంగతి తెలిసినవాళ్లని ఎవరూ మోసం చేయలేరు. ఏళ్ల తరబడి మన మందుల షాపుల్లో, పేరులో ఓఆర్‌ఎస్ అని ఉన్న పళ్లరసం లాంటి డబ్బాలు అమ్మారు. పంచదార ఎక్కువ, ఉప్పు తక్కువ. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే. మామూలు కూల్‌డ్రింకులో పంచదార లీటరుకి 100 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. సోడియం తోడు లేని పంచదార తలుపు బయటే పేగులో పోగుపడుతుంది. మళ్లీ మాగాయ కథే, ఊట కిందికి దిగుతుంది. హైదరాబాద్‌కి చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు దీనిమీద పోరాడారు. 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లు లేనిదేదీ ఆ పేరు పెట్టుకోకూడదని ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో! కాని పేరు తీసేసినంత మాత్రాన ఆ డబ్బాలు షాపులోంచి పోవు. ఉత్త గ్లూకోజ్ పొడి డబ్బాలూ ఉన్నాయి, వాటిలో ఉప్పు జంట లేదు. కొబ్బరినీళ్లు మంచివే, అయితే వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. డబ్బా వెనక చదివి, "ఇందులో జంట కుదరలేదు" అని తేల్చగలిగే పిల్లలు ఇంటికొకరుంటే చాలు.

తొమ్మిదో తరగతికి ఇది ఎక్కువవుతుందని నా తోటి టీచరు ఒకావిడ అంటుంటారు. నేను ఒప్పుకోను. రెండు వస్తేనే తెరుచుకునే తలుపు మూడో తరగతి పిల్లకి కూడా అర్థమవుతుంది. కష్టమైనది అతిగాఢత ద్రావణం అనే మాట, అది మాత్రం బట్టీ పట్టిస్తున్నాం. పైగా ఈ తలుపు ఉందని నమ్మించడానికి ఒక్క సంగతి చాలు. చాలా అరుదుగా కొందరు పిల్లలు ఈ తలుపు పాడైపోయి పుడతారు. తల్లిపాలు పట్టగానే, పాలలోని చక్కెర లోపలికి పోలేక, పుట్టిన రోజుల్లోనే భయంకరమైన విరేచనాలు. గ్లూకోజ్, గెలాక్టోజ్ లేని ఆహారం ఇస్తే ఆగిపోతాయి. ఫ్రక్టోజ్‌కి వేరే తలుపు ఉంది కాబట్టి అది తట్టుకుంటారు. నేను ఇది చెప్పినప్పుడు క్లాసులో చప్పుడుండదు. ఒక పిల్లాడు అడిగాడు, "మా తాతకి షుగరు మేడమ్, ఆ తలుపు మూసేస్తే షుగరు తగ్గదా?" అని. వాడికి తెలియకుండానే ఒక పెద్ద మందు దగ్గరికి వచ్చేశాడు. మూత్రపిండాల్లో ఈ తలుపుకి తోబుట్టువు ఉంది. దాన్ని మూసి చక్కెరని మూత్రంలో పంపేసే గ్లిఫ్లోజిన్ రకం మాత్రలు ఇప్పుడు ఎందరో వేసుకుంటున్నారు. వాటి ముత్తాత 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడులో దొరికిన ఫ్లోరిజిన్.

గంజి గురించి చెప్పకపోతే మా అమ్మమ్మకి అన్యాయం చేసినట్టే. మాకు చిన్నప్పుడు విరేచనాలైతే ఆవిడ పలచటి గంజిలో కాస్త ఉప్పు వేసి పట్టేది. చదువుకున్నాక నేను దాన్ని పాతకాలపు చాదస్తం అనుకున్నాను. అన్నంలోని పిండిపదార్థం అంటే గ్లూకోజ్ అణువులు గుచ్చిన పొడుగాటి దండ. గొలుసుగా ఉన్నంత సేపూ అది నీటిని పెద్దగా లాగదు. పేగు గోడ దగ్గర ఒక్కో పూసా తెగి గ్లూకోజ్ అవుతుంది, పక్కనే ఉప్పు ఉంటే జంట కుదురుతుంది. ఆ తలుపు ఆవిడకి తెలియదు, దాన్ని తీయించడం మాత్రం తెలుసు. ప్యాకెట్ దొరకనప్పుడు ఉప్పు వేసిన గంజి పనికొచ్చే ఇంటి ద్రవమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది. ప్యాకెట్ అందకపోతే ఇంకో దారి కూడా ఉంది. లీటరు నీళ్లకి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా నెత్తి మట్టంగా గీసి కొలవాలి, ఉప్పు మాత్రం ఒక్క పలుకు ఎక్కువ కాకూడదు.

కిందటేడు నుంచి నేను కిస్‌మిస్ ప్రయోగం అయ్యాక పాఠం ఆపడం లేదు. బల్ల మీద ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్, ఒక లీటరు సీసా, ఒక స్టీలు గ్లాసు పెడతాను. ఒక ప్యాకెట్ గ్లాసులో, ఇంకోటి సీసాలో కలిపి, రెంటిలోనూ కీరదోస ముక్కలు వేసి మర్నాటి దాకా ఉంచుతాం. గ్లాసులోవి వడిలిపోతాయి. పిల్లలు రెండు ముక్కలనీ వేళ్లతో వంచి చూస్తారు. ఆ రాత్రి నేను చేసిన తప్పు కూడా వాళ్లకి చెప్తాను.

తర్వాత ఒక హోంవర్క్ ఇస్తాను. మన ఇళ్లలో లీటరు కొలత ఎవరి దగ్గరా ఉండదు, గ్లాసులూ చెంబులే ఉంటాయి. కాబట్టి లీటరు సీసాతో కొలిచి, మీ ఇంట్లో రోజూ వాడే గిన్నె ఏదైనా ఎంత పడుతుందో రాసుకు రండి అంటాను. మొన్న ఒక అమ్మాయి నోట్‌బుక్ చివరి పేజీలో ఇలా రాసుకొచ్చింది: "మా నాయనమ్మ ఇత్తడి చెంబు 900 మిల్లీలీటర్లు. అంచు దాకా నింపి, ఇంకో అర గ్లాసు పొయ్యాలి. చెంబు అడుగున మేకుతో గీత గీశాను. నాయనమ్మ తిట్టింది. తర్వాత ఎందుకో చెప్తే ఊరుకుంది."